పులి కనిపించాలా? హీరో కనిపించాలా?

చెవికీ కంటికీ మధ్య ఏదో దొంగదారి ఉందండీ! ‘టైటానిక్’ (1997) బాణీలోని ఆ సన్నటి ఈల వినపడగానే ఓడ కొసన చేతులు చాచిన జంట కళ్ళ ముందుకొచ్చేస్తుంది. ‘బ్రేవ్ హార్ట్’ (1995) బాజా మోగితే పొగమంచు, పచ్చటి కొండలు. ఐర్లండు, స్కాట్లండు మనలో ఎంతమంది చూశాం? అయినా ఆ కెల్టిక్ జానపద బాణీ వింటే, మన పక్కూరే అన్నట్టు “అదిగో!” అంటాం.

ఇందులో ఓ తమాషా ఉంది. ‘బ్రేవ్ హార్ట్’ కథ స్కాట్లండుది. సంగీత దర్శకుడు జేమ్స్ హార్నర్ వినిపించిందేమో ఐర్లండు బాజా. మోచేతి కింద తిత్తి నొక్కి వాయించే రకం. షూటింగు కూడా చాలా భాగం ఐర్లండులోనే. మన చెవి పేచీ పెట్టిందా? లేదు. తెర ఏ ఊరు చూపిస్తే శబ్దానికి అదే సొంతూరు!

ఇక మన అరకు సంగతి. అక్కడ థింసా మొదలవగానే చుట్టూ చేరిన యాత్రికుల నోట నేను ఎప్పుడూ వినే మాట ఒక్కటే: “అచ్చం సినిమాలో లాగే ఉందే!”

ఏ సినిమా? చింతపల్లి కొండల్లో తీసిన ‘అల్లూరి సీతారామరాజు’ (1974) అయితే సంతోషమే. కృష్ణగారి నూరో చిత్రం, ఆదినారాయణరావుగారి సంగీతం, నిండు సినిమాస్కోప్. దానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా గూడెం పాటలతోనే. నెగడు చుట్టూ ఈకల కిరీటాలు, “హుయ్ హుయ్” కోరస్. అది ఏ కొండ బాణీయో చెప్పగలరా?

అసలు థింసాకి తెర అక్కర్లేదు. చైత్రమాసపు పండుగల్లో, పెళ్ళిళ్ళలో మోరి ఊది, తుడుము, కిరిడి, డప్పు మోగిస్తారు. బోడ థింసా గ్రామదేవతకి. పోతర్ తోల అంటే ఆకులు ఏరడం. భాగ్ థింసాలో పులి దాడి, దాన్నుంచి తప్పించుకోవడం. ఒక్కో రకంలో ఒక్కో సీను!

ఓసారి తుడుము కొట్టే పెద్దాయన్ని అడిగాను, “తాతా, ఇప్పుడేది?” అని.

“పులొచ్చింది బాబూ” అన్నాడు.

అదే క్షణాన వెనక నుంచి ఎవరో కేకేశారు, “ఏదైనా సినిమా పాట కొట్టవయ్యా!” అని. తాత నవ్వాడు, కొట్టాడు. పులి వెళ్ళిపోయింది. అడిగేవాళ్ళు ఇలాగే అడుగుతూ పోతే, ఆ తాత మనవలకి పులి కనిపిస్తుందా, మన హీరో కనిపిస్తాడా?

సినిమాని తిట్టి లాభం లేదు. చెడగొట్టగలిగిందే బాగు కూడా చేయగలదు. ‘బారీ లిండన్’ (1975) కోసం కూబ్రిక్ ఐర్లండు జానపద బృందం చీఫ్‌టన్స్ వారి సంగీతాన్నే తీసుకున్నాడు. అంతదూరం దేనికి, ‘భీమ్లా నాయక్’ (2022) పాటలో దర్శనం మొగులయ్యగారి గొంతే, ఆయన కిన్నెరే వినిపించలేదూ? కిన్నెర పేరే ఎరగని కుర్రాళ్ళు దాని సంగతి అడిగి తెలుసుకున్నారు.

కనుక దర్శకులకి నా మనవి ఒకటే. ఈసారి కొండ సీనుకి అరకు మోరి కావాలంటే మోరి ఊదేవాణ్ణే పిలవండి. ఇది ఏ థింసా అని అడగండి. టైటిల్ కార్డులో అతని పేరు వేయండి. సినీమాకి పెద్ద ఖర్చు కాదు, పులి మాత్రం బతుకుతుంది!