కొక్కెం మీద బరువెంత? కూలీ మీద బరువెంత?

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు ఇది. ఈనాడు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఏ బరువు కదలాలన్నా ట్రాక్టరే కదపాలి. కోతలయ్యాక ధాన్యం బస్తాలు, ఎండాకాలంలో ఇసుక, ఉభాల రోజుల్లో మనుషులు, అన్నీ ఆ తొట్టిలోనే.

2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఉచిత ఇసుక విధానం తెచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో సొంత అవసరాలకు ట్రాక్టర్ల మీద కూడా తీసుకుపోవచ్చునన్నది. ఇల్లు కట్టుకునే పేదవాడికి ఇది మంచిదే, కాదనం. కాని ఇసుక ఉచితమైనా కిరాయి ఉచితం కాదు గదా! నాలుగు తడవల సరుకును మూడు తడవల్లో తోలితే యజమానికి డీజిలు మిగులుతుంది. ఆ మిగులు భారం ఎవరి మీద పడుతోంది? ట్రాక్టరుకూ తొట్టికీ మధ్యనున్న పిన్ను మీద. ఆ పిన్ను పక్కన నిలబడే కూలీ మీద.

మనవాళ్లలో ఒక పొరపాటు మాట ఉంది: "మా ట్రాక్టరు ఐదు టన్నులు లాగుతుంది, కొక్కేనికేమవుతుంది?" లాగే బరువు వేరు, మోసే బరువు వేరు. నాలుగు చక్రాల తొట్టి తన బరువును దాదాపుగా తానే మోసుకుంటుంది. రెండు చక్రాల తొట్టి అలా కాదు. దాని బరువులో కొంత భాగం కొక్కెం మీద కూచుంటుంది.

ఎడ్లబండి తోలినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. సరుకు ముందుకు పడితే ఎద్దుల మెడలు కాయలు కాస్తాయి. వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. ట్రాక్టరు కూడా అంతే, కాకపోతే అది నోరెత్తి చెప్పదు.

ఒక లెక్క చూద్దాం. కొక్కెం నుంచి తొట్టి ఇరుసుకు మూడున్నర మీటర్ల దూరం అనుకోండి. 80 కిలోల బస్తాలు 50 వేస్తే నాలుగు టన్నులు. ఆ బరువు నడిమధ్య ఇరుసుకు 35 సెంటీమీటర్లు ముందుంటే కొక్కెం మీద పడేది 400 కిలోలు. అవే బస్తాలు ఇంకో 35 సెంటీమీటర్లు ముందుకు జరిగితే 800. ఒక్క బస్తా ఎక్కువ వెయ్యలేదు, కొక్కెం మీద భారం మాత్రం రెట్టింపయింది.

ఆ భారం ట్రాక్టరు వెనక చక్రాలను అణచి, ముందు చక్రాలను తేలుస్తుంది. కొక్కెం వెనక ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనకగా ఉండి, రెండు ఇరుసుల మధ్య 190 సెంటీమీటర్లుంటే, 800 కిలోలు ముందు చక్రాల మీద నుంచి 250 కిలోలకు పైగా ఎత్తేస్తాయి. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి తిరగదు. గట్టు ఎక్కేటప్పుడు ముందుభాగం లేచి డ్రైవరు మీదికే తిరగబడవచ్చు. "లిఫ్టు 1500 కిలోలు ఎత్తుతుందిగా" అనేవాళ్లున్నారు. అది నాగలినీ, గొర్రునూ ఎత్తే శక్తి. రోడ్డు మీద తొట్టిని మోసే కొక్కేనికి ఆ లెక్క వర్తించదు.

పోనీ బరువు వెనక్కి తోసేద్దామా? అదీ ప్రమాదమే. నా ఇరవయ్యో ఏట ఇసుక ఎత్తే పనికి పోయేవాడిని. ఆ రోజు తొట్టి వెనకవైపే నిండింది. పిన్నుకు బదులు ఇనపకడ్డీ ముక్క పెట్టి ఉంది. అది ఊడిపోవడంతో తొట్టి ఏతంలాగా వెనక్కి తిరగబడింది. పైకి లేచిన ఇనపదూలం నా పక్కవాడి దవడను పగలగొట్టింది. యజమాని వచ్చి అడిగిన మొదటి మాట: "డ్రైవరు చూసుకోవద్దా?" ఆ కడ్డీ ముక్క ఇచ్చిందెవరో ఎవరూ అడగలేదు.

ఇసుకతో ఇంకో మోసముంది. ఘనమీటరు ఎండు ఇసుక దాదాపు 1600 కిలోలు. ఏట్లోంచి నీరోడుతూ ఎత్తింది 1900 దాటుతుంది. మూడు ఘనమీటర్ల తొట్టిలో కొలత మారకుండానే సుమారు టన్ను బరువు పెరిగిపోతుంది. ఆపైన తొట్టికి బ్రేకులుండవు. గట్టు దిగేటప్పుడు వెనకనున్న ఐదారు టన్నులు రెండు టన్నుల ట్రాక్టరును తోసుకుపోతాయి.

అలాంటి తొట్టిలోనే మనుషుల్ని ఎక్కిస్తున్నారు. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర, జూన్‌లో వలిగొండ మండలంలో, కూలీలతో పోతున్న ట్రాక్టర్లు కాలవల్లో పడ్డాయి. మొదటిదాంట్లో తొమ్మిది మంది, రెండోదాంట్లో 15 మంది పోయారు. ఎక్కువమంది ఆడకూలీలే. అక్కడ కొక్కెమే కారణమని నేననడం లేదు. తొట్టి మనుషుల కోసం చేసింది కాదంటున్నాను. చచ్చాక కూడా అన్యాయమే. సరుకు బండిలో ఊరకే ఎక్కినవారికి బీమా కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మరి చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టం 113వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలో రాసిన బరువు మించకూడదు. 2019 సవరణ తర్వాత 194వ సెక్షను కింద జరిమానా 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ రెండు వేలు. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. డ్రైవరు యజమాని కానప్పుడు, అధిక బరువు యజమానికి తెలిసే, అతని ఆజ్ఞ మీదే వేశారని కోర్టు భావించవచ్చునని 113వ సెక్షనులోనే ఉంది. ఈ సంగతి మన డ్రైవర్లలో ఎంతమందికి తెలుసు?

కాబట్టి మనం పట్టుబట్టవలసినవి ఇవి. ట్రాక్టరు పుస్తకంలో, కొక్కెం మీద, తొట్టి పత్రంలో, టైర్ల మీద ఉన్న అంకెల్లో ఏది తక్కువైతే అదే హద్దు. కడ్డీ ముక్కలు వద్దు, క్లిప్పుతో సరైన పిన్ను కావాలి, తోడుగా గొలుసుండాలి. పిన్ను పెట్టేటప్పుడు ఇంజను ఆపాలి. తొట్టిలో మనుషుల్ని ఎక్కించకూడదు. పనికి పిలిచినవాడే ఆటో కిరాయి ఇవ్వాలి. ఇసుక రేవుల్లో తూకం పెట్టాలి, కేసు రాస్తే యజమాని పేరు మీద రాయాలి.

రేపు పొద్దున్న తొట్టి నింపేముందు ఒక్కసారి వంగి ఆ పిన్ను చూడండి. అది సరిగా లేకపోతే పార కింద పెట్టండి. ఒక్కడు పెడితే పని పోతుంది. పదిమందీ పెడితే పిన్ను వస్తుంది.