మౌస్ నేరానికి ఫోల్డర్‌కు శిక్ష

మెయిల్ ఫోల్డర్ అంటే సర్వర్‌లోనో సొంత కంప్యూటర్‌లోనో కొన్ని ఉత్తరాలను ఒక పేరు కింద వేరుగా ఉంచే అర. ఆ అరలకు కాలం చెల్లిందని, వచ్చినదంతా ఒకేచోట పోగుపోసి కావలసినప్పుడు వెతుక్కుంటే చాలునని ఇప్పుడు దాదాపు అందరూ అంటున్నారు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక గిగాబైట్ చోటుతో వచ్చినప్పటి నుంచి ఈ మాటకు బలం చేకూరింది. చోటుకు కరువు లేనప్పుడు పారేయడం ఎందుకు, సెర్చ్ పెట్టె ఉన్నప్పుడు సర్దడం ఎందుకు అన్నది దీని తర్కం. కలిపికొట్టు కావేటిరంగా అన్న పద్ధతికి ఇంతకంటే గౌరవప్రదమైన రూపం ఎన్నడూ దొరకలేదు.

ఈ వాదానికి ఆధారం లేకపోలేదు. ఐబీఎం పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనాన్ని దీనికి సాక్ష్యంగా చూపుతారు. 345 మంది వాడుకరులు పాత మెయిల్‌ను తిరిగి పట్టుకోవడానికి చేసిన 85,000కు పైగా ప్రయత్నాలను అందులో పరిశీలించారు. ఫోల్డర్ల ద్వారా వెతికితే సగటున 58 సెకన్లు, సెర్చ్ చేస్తే 17 సెకన్లు పట్టింది. బోలెడు ఫోల్డర్లు కట్టుకున్నవారు మిగతావారికంటే మెరుగ్గా మెయిల్ పట్టుకున్నదీ లేదు. అంకెలతో పేచీ లేదు. వాటి నుంచి లాగిన తీర్మానమే నిలవదు.

ఆ అధ్యయనం కొలిచింది తిరిగి పట్టుకోవడాన్ని. ఫోల్డర్ ఉన్నది ఆ ఒక్క పనికే అయితే తీర్పు సరైనదే. వంటింట్లో కందిపప్పు, మినప్పప్పు వేరువేరు డబ్బాల్లో పోసుకునేది తొందరగా దొరకడానికి మాత్రమే కాదు; పురుగు పడితే ఒకదానితో పోతుందని, ఏది నిండుకుందో మూత తీస్తే తెలుస్తుందని కూడా. ఇక ఖర్చు సంగతి. సర్దడం దండగ అనేవారి లెక్కలో సర్దడమంటే మెయిళ్లను మౌస్‌తో ఎంచుకుని, ఎడమవైపు జాబితాలోకి ఈడ్చి వదలడం, పేజీ మారితే మళ్లీ మొదలుపెట్టడం. ఆ చాకిరీ మౌస్ తెచ్చిపెట్టినది, ఫోల్డర్ తెచ్చిపెట్టినది కాదు. దాన్ని చూసి ఫోల్డర్లనే ఎత్తేయమనడం ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే.

మౌస్ లేకుండా ఆదేశాలు టైపు చేసే కమాండ్ లైన్‌లో ఆ ఖర్చు ఏమవుతుందో తెలియాలంటే ఎంహెచ్ అనే మెయిల్ వ్యవస్థను చూడాలి. అమెరికాలోని ర్యాండ్ కార్పొరేషన్‌లో నార్మన్ షపీరో, స్టాక్టన్ గేన్స్ 1977లో దీన్ని ప్రతిపాదించారు. 1979లో బ్రూస్ బోర్డెన్ రాసి చూపించాడు. ఎంహెచ్‌లో ఒక ఉత్తరం ఒక ఫైలు, ఒక ఫోల్డర్ ఒక డైరెక్టరీ. ఫైళ్ల పేర్లు 1, 2, 3 అంటూ వట్టి అంకెలు. మెయిల్ చదవడానికి ప్రత్యేకంగా ఒక ప్రోగ్రాంలోకి దూరనక్కర్లేదు. మామూలు టెర్మినల్‌లోనే ఒక్కో పనికి ఒక్కో చిన్న కమాండ్ ఉంటుంది. ఇంక్ కొత్త మెయిల్ తెస్తుంది. స్కాన్ జాబితా చూపుతుంది. పంపినవారిని బట్టో తేదీని బట్టో విషయాన్ని బట్టో పిక్ ఉత్తరాల అంకెలు ఏరి ఇస్తుంది. రీఫైల్ ఆ అంకెలను అందుకుని మరో ఫోల్డర్‌కు చేరుస్తుంది. ఆ ఫోల్డర్ లేకపోతే సృష్టించమంటారా అని అడుగుతుంది. నాలుగేళ్ల కరెంటు బిల్లుల రసీదులన్నీ ఈ రెంటినీ కలిపిన ఒక్క వరుసతో ఒకచోటికి వస్తాయి. రసీదులు పదైనా పదివేలైనా టైపు చేసేది అంతే. ఎంహెచ్ వారసుడైన ఎన్‌ఎంహెచ్ ఈనాటికీ వాడుకలో ఉంది.

పిక్ చేసే పని సెర్చే అన్నది ఇక్కడ గమనించాలి. సెర్చ్ కావాలా ఫోల్డర్ కావాలా అన్న పోటీ తెర మీది బొమ్మల ప్రపంచంలో పుట్టింది. టెర్మినల్‌లో సెర్చ్ ఫోల్డర్‌కు చీపురు లాంటిది. డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ నడిపేవారికి డవ్‌అడ్మ్ అనే కమాండ్ ఉంది. ఇన్‌బాక్స్‌లో చేరి 365 రోజులు దాటినవన్నీ పాత ఫోల్డర్‌కు పంపమని దానికి ఒక్క వరుసలో చెప్పవచ్చు. 2001లో ప్రమాణంగా వెలువడిన సీవ్ భాష ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులో నియమం ఒకసారి రాసిపెడితే ఉత్తరం గడప దాటేటప్పుడే తన అరలోకి పోతుంది. చేత్తో సర్దే శ్రమను లెక్కించి ఫోల్డర్‌ను దోషిని చేసిన వాదానికి ఇక్కడ లెక్కించడానికి శ్రమే మిగలదు.

ఒక ఉత్తరం రెండు విషయాలకు చెందితే ఏ ఫోల్డర్‌లో పెట్టాలన్నది మరో అభ్యంతరం. ఒకే ఉత్తరానికి ఎన్నైనా తగిలించగల లేబుళ్లు దాన్ని తీర్చాయని జీమెయిల్ అభిమానులు చెబుతారు. ఎంహెచ్‌లో రీఫైల్‌కు లింక్ అనే మాట జోడిస్తే ఆ ఉత్తరం పాత ఫోల్డర్‌లో ఉంటూనే కొత్తదానిలోనూ కనిపిస్తుంది. యూనిక్స్ హార్డ్ లింక్ కాబట్టి డిస్కు మీద ఉండేది ఒకే ప్రతి. లేబుళ్ల సంగతి వేరు. రెండు లేబుళ్లున్న మెయిల్‌ను, సర్వర్‌తో మెయిల్ ప్రోగ్రాం మాట్లాడే ఐమ్యాప్ పద్ధతిలో దించుకుంటే లేబుల్‌కొకటి చొప్పున రెండు, ఆల్ మెయిల్‌లో ఇంకొకటి, వెరసి మూడు ప్రతులు దిగుతాయి.

వెతికితే దొరుకుతుందన్న ధీమా ఇంగ్లీషు మెయిల్‌లో పుట్టినది. తెలుగులో దానికి కాళ్లు ఆడవు. ఇల్లు అని వెతికితే ఇంటికి, ఇంట్లో అని రాసిన ఉత్తరం తగలదు. చివర నక్షత్రం గుర్తు పెట్టినా లాభం లేదు, మాట మొదలే మారిపోయింది కనుక. కమాండ్ లైన్‌లో పేరున్న సెర్చ్ సాధనం నాట్‌మచ్ కూడా మాటల చివరి ప్రత్యయాలు తుడిచి మూలం పట్టుకునేది ఇంగ్లీషు పద్ధతిలోనే. అదే తెలుగు మాటను రోమన్ అక్షరాల్లో ఒకరు ఒక తీరున, ఇంకొకరు ఇంకో తీరున రాస్తారు. పైగా తెలుగు ఉత్తరం డిస్కు మీద తెలుగులో ఉండదు. చాలాసార్లు బేస్64 వంటి సంకేతాల్లోకి మారి ఉంటుంది కాబట్టి ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌తో నేరుగా గాలిస్తే ఏమీ చిక్కదు. పంపినవారి చిరునామాకూ, గుంపు మెయిళ్లలో ఉండే లిస్ట్ ఐడీ శీర్షికకూ ఈ ఇబ్బంది లేదు. విభక్తులు వాటిని అంటవు. వాటిని బట్టి వచ్చినప్పుడే ఫోల్డర్‌లో పడిన ఉత్తరం ఏ లిపిలో ఉన్నా పోదు.

ఇక ఆ 58 సెకన్ల కొలతకు అందనివి. గడువు అనేది ఫోల్డర్‌కు పెట్టేది. ఓటీపీలు వారంలో పోవాలి, పన్ను కాగితాలు ఏళ్ల తరబడి ఉండాలి. డవ్‌కాట్‌లో ఒక్కో ఫోల్డర్‌కు ఇన్ని రోజులని రాసిపెడితే గడువు దాటినవి వాటంతటవే తొలగిపోతాయి. అనుమతి కూడా ఫోల్డర్‌కే. ఈ ఒక్కటి ఫలానా ఉద్యోగి చదవవచ్చు, తుడవకూడదు అని చెప్పే ఏర్పాటు ఐమ్యాప్‌లో ఉంది. ఉద్యోగం మారేవాడు తన స్థానంలోకి వచ్చేవాడికి ఫోల్డర్‌ను అప్పగించగలడు. సెర్చ్ పెట్టెలో ఏ మాటలు కొట్టాలో తలలో ఉన్న జ్ఞానాన్ని ఎలా అప్పగిస్తాడు?

కమాండ్ లైన్ ప్రమాదకరమన్న మాటలో కొంత పస ఉంది, కానీ ప్రమాదం జనం అనుకునేచోట లేదు. 1990ల మధ్యలో డేనియల్ బెర్న్‌స్టీన్ తన క్యూమెయిల్ సర్వర్ కోసం రూపొందించిన మెయిల్‌డైర్ అనే నిల్వ పద్ధతిలో ప్రతి ఫోల్డర్‌కూ టెంప్, న్యూ, కర్ అనే మూడు గదులుంటాయి. చదివినదీ జవాబిచ్చినదీ ఫైలు పేరు చివర్లోనే అక్షరాలుగా రాసి ఉంటుంది. ఇదంతా మామూలు ఫైళ్లే కదా అని మెయిల్ కమాండ్లు వదిలి మూవ్ కమాండ్‌తో అటూ ఇటూ జరిపితే చిక్కు మొదలవుతుంది. సర్వర్‌లోని మెయిల్‌నూ కంప్యూటర్‌లోని మెయిల్‌నూ ఒకేలా ఉంచే ఎంబీసింక్ తన గుర్తింపు సంఖ్యను ఫైలు పేరులోనే దాచుకునేలా పెట్టి ఉంటే, ఆ సంఖ్యతో సహా జరిగిన ఫైలు కొత్తచోట ఇంకొకదానితో ఢీకొని సింక్ ఆగిపోతుంది. మెయిల్‌డైర్‌కు పొడిగింపైన మెయిల్‌డైర్‌ప్లస్‌ప్లస్ అమరికలో ఉపఫోల్డర్లు లోపల కాక పక్కపక్కనే, మధ్యలో చుక్క ఉన్న పేర్లతో ఉంటాయి. తల్లి డైరెక్టరీ పేరు మార్చితే పిల్లల పేర్లు మారవు. చుక్కే విభజన గుర్తుగా ఉన్న సర్వర్‌లో ఎస్.బి.ఐ అని ఫోల్డర్ తెరిస్తే ఎస్‌లో బి, బిలో ఐ పుట్టుకొస్తాయి. పొడి అక్షరాల మీద మోజున్న మనవాళ్లకు ఇది తప్పని ముచ్చట. తెలుగులో పేరు పెడితే పాత ఐమ్యాప్ దాన్ని రోమన్ అక్షరాల ముద్దగా మార్చి దాస్తుంది. 2021లో వెలువడిన కొత్త ప్రమాణం అన్ని లిపులనూ రాయగల యూటీఎఫ్-8నే నేరుగా తీసుకుంటుంది.

ఒక్క తప్పు కమాండ్‌తో ఉత్తరాలు చెరిగిపోతాయన్న భయానికీ కమాండ్ లైన్‌లోనే విరుగుడు ఉంది. డవ్‌అడ్మ్‌లో జరపడానికీ వెతకడానికీ రాసే షరతులు ఒకటే. ముందు సెర్చ్ అని నడిపి ఎన్ని వరుసలు వచ్చాయో లెక్కపెట్టి, అవే షరతులతో మూవ్ అని మళ్లీ నడపవచ్చు. ఎంహెచ్‌లోని ఆర్‌ఎంఎం అయితే మామూలుగా ఉత్తరాన్ని చెరపనే చెరపదు; ఫైలు పేరు ముందు ఒక కామా పెట్టి కళ్లకు కనబడకుండా పక్కకు నెడుతుంది. 12 అనే ఉత్తరం కావాలనిపిస్తే ఆ కామా తీసేస్తే సరి.