సాగరం లేని చోట సాగర పాఠం

ఎల్‌బీనగర్ చౌరస్తా దాటితే సాగర్ రింగురోడ్డు. పేరులో సాగరం ఉంది కానీ చుట్టూ చూస్తే హోర్డింగులూ అపార్టుమెంట్లే. అక్కణ్నుంచి నాదర్‌గుల్ వైపు వెళ్తే కాలేజీలు, చెరువులు, శిక్షణ విమానాల కోసం వేసిన చిన్న రన్‌వే కనిపిస్తాయి. అల ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం మచిలీపట్నం దాకా మూడొందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేయాల్సిందే.

అయితేనేం, పరీక్ష ముంచుకొస్తే ఈ మెట్టప్రాంతపు పిల్లలూ సముద్రంలోకి దూకక తప్పదు. డిగ్రీలో జాగ్రఫీ చదివేవారికి సముద్రశాస్త్రం ఎదురవుతుంది. సివిల్స్ జాగ్రఫీ ఆప్షనల్ మొదటి పేపర్లోనూ ఓషనోగ్రఫీ ఓ భాగం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు బస్సెక్కే కుర్రాడికి ‘సముద్రమే చూడనివాణ్ని, ఆటుపోట్ల గురించి ఏం రాస్తాను’ అన్న బెంగ సహజం. నిజానికి ఈ సబ్జెక్టులో సగం పాఠాలు ఇంట్లోనే దొరుకుతాయి.

అరుగు... మెట్లు... వాకిలి... బావి

మొట్టమొదట వచ్చేది సముద్రపు అడుగు భాగం. పేర్లు బట్టీపడితే పరీక్ష హాల్లో తారుమారవుతాయి. పాతకాలపు ఇల్లు గుర్తు తెచ్చుకుంటే చాలు. తీరాన్ని ఆనుకుని సుమారు 200 మీటర్ల లోతు వరకూ ఉండే ఖండతీరపు అంచు ఇంటి ముందు అరుగు. అక్కణ్నుంచి నిటారుగా దిగే ఖండతీరపు వాలు... మెట్లు. ఆ కింద మూడు నుంచి ఆరు వేల మీటర్ల లోతున పరుచుకున్న అగాధ మైదానం... వాకిలి. వాకిట్లో ఓ పక్కన తవ్విన బావి లాంటివి సముద్రపు కందకాలు. వాటిలో అన్నిటికన్నా లోతైనది పసిఫిక్‌లోని మరియానా కందకం. దాని అడుగు దాదాపు 11 కిలోమీటర్ల కింద ఉంటుంది. ప్రతి పది మీటర్లకూ పీడనం ఒక వాతావరణ పీడనమంత పెరుగుతుంది కాబట్టి అక్కడి ఒత్తిడి మనమీద ఉన్నదానికి వెయ్యి రెట్లకు పైనే. ఈ బొమ్మ ఓ పక్కన గీసి, లోతులు వేస్తే సగం జవాబు అయిపోయినట్టే.

గోడమీది క్యాలెండర్

రెండో పాఠానికి పుస్తకం అక్కర్లేదు. ‘నానమ్మా, అమాస ఎప్పుడు?’ అని అడిగితే చాలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి. ఇద్దరి ఆకర్షణా కలిసి నీటిని లాగుతుంది కాబట్టి పోటు ఎక్కువ, పాటు బాగా తక్కువ. ఇవే పర్వవేలా తరంగాలు. అష్టమి ప్రాంతంలో సూర్యచంద్రులు లంబకోణంలో ఉంటారు. ఒకరి లాగుడును మరొకరు కొంత తగ్గిస్తారు. అప్పుడు లఘువేలా తరంగాలు. తీరంలో ఈ ప్రభావం తిథి దాటిన ఒకటి రెండు రోజులకు కనిపించడమూ మామూలే.

పోటుకీ పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు ఎందుకన్నది పరీక్షల్లో తరచూ పలకరించే ప్రశ్న. భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడు తన దారిలో కాస్త ముందుకు జరుగుతాడు. ఆయన్ని అందుకోవడానికి భూమికి మరో 50 నిమిషాలు పడుతుంది. రోజుకు రెండు పోట్లు కాబట్టి అందులో సగం... 25 నిమిషాలు!

లీటరు నీళ్లు, ఆరు చెంచాల ఉప్పు

సముద్రపు నీటి సగటు లవణీయత వెయ్యికి 35. అంటే లీటరు నీళ్లలో దాదాపు ఆరు టీచెంచాల ఉప్పు. వంటింట్లో ఒక్కసారి కలిపి రుచి చూస్తే ఆ అంకె జన్మలో మరిచిపోరు. అందులో తాజా కోడిగుడ్డు వేస్తే మునుగుతుంది. ఉప్పు కలుపుతూ పోతే ఓ దశలో తేలుతుంది. ఉప్పు పెరిగితే సాంద్రత పెరుగుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

దాన్నే పటం మీద చూస్తే, గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరి, కృష్ణ మంచినీళ్లు తెచ్చి పోస్తాయి కాబట్టి బంగాళాఖాతంలో ఉప్పదనం తక్కువ. ఆవిరి ఎక్కువ, నదులు తక్కువ కాబట్టి అరేబియా సముద్రంలో ఎక్కువ. ప్రవాహాల దగ్గరా ఇలాంటి మెలికే ఒకటుంది. ఉత్తర అట్లాంటిక్, ఉత్తర పసిఫిక్‌లలో పెద్ద ప్రవాహాలు ఏడాది పొడవునా సవ్యదిశలోనే తిరుగుతాయి. ఉత్తర హిందూ మహాసముద్రంలో మాత్రం రుతుపవనాలతో పాటు దిశ మార్చుకుంటాయి. నైరుతి కాలంలో సవ్యదిశ, చలికాలంలో అపసవ్యదిశ.

ఎల్‌నినో ప్రశ్నకు ‘వస్తే కరవే’ అని ఒక్క ముక్కలో తేల్చేయడమూ పొరపాటే. 1997లో బలమైన ఎల్‌నినో ఉన్నా మన దేశంలో వర్షాలు మామూలుగానే పడ్డాయి.

ఉప్పెన వేరు, సునామీ వేరు

మార్కులకన్నా ముఖ్యమైన పాఠం ఇది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలమందిని బలిగొన్నది ఉప్పెన. తుపాను గాలి నీటిని తీరం మీదికి నెడుతుంది. అరుగు లోతు తక్కువైతే నీటికి మరో దారిలేక పైకి లేస్తుంది. 2004 డిసెంబరు 26న వచ్చింది సునామీ. సుమత్రా దగ్గర సముద్రగర్భం కదిలి అలను పుట్టించింది. దాని వేగానికి సూత్రం తేలికే: లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం కట్టాలి. నాలుగు వేల మీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది. పది మీటర్ల లోతుకొచ్చేసరికి 36 కిలోమీటర్లకు పడిపోతుంది. వేగం తగ్గినకొద్దీ వెనక నీరంతా కుప్పపడి అల ఎత్తు పెరుగుతుంది.

ఆ రోజు భూకంపం వచ్చాక అల మన తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. హెచ్చరించే వ్యవస్థే లేదు! తర్వాత 2007 అక్టోబరులో దేశ సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఎక్కడో కాదు, సముద్రం లేని హైదరాబాద్‌లోనే. నాదర్‌గుల్‌కు నగరంలో అటు చివరనున్న ప్రగతినగర్‌లో, 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్‌లో. భూకంప నమోదు కేంద్రాలు, సముద్రగర్భంలోని పీడన యంత్రాలు, తీరాల్లోని పోటు కొలిచే పరికరాలు పంపే సమాచారం అక్కడికి చేరుతుంది. ఉపగ్రహ చిత్రాల్లో నీటి ఉష్ణోగ్రత, పచ్చదనం చూసి చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకు చెప్పేదీ ఆ సంస్థే.

తెలుగునాట ఈ చదువుకు పునాది పడింది విశాఖలో. అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ 1952లో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, విద్యార్థులను సముద్రం మీదికి తీసుకెళ్లి ఉష్ణోగ్రత, లవణీయత కొలిపించారు. నాదర్‌గుల్ విద్యార్థికి ఓడ లేకపోవచ్చు. పరీక్షకు ముందు వారంలో రోజుకో పటం తెల్లకాగితం మీద చూడకుండా గీయాలి. ఒకరోజు అడుగు భాగం, మర్నాడు పోటుపాట్లు, తర్వాత లవణీయత, ప్రవాహాలు, సునామీ. ఆరోరోజు అవన్నీ ఇంట్లో అమ్మకో నాన్నకో చెప్పాలి. వాళ్లకు అర్థమైతే దిద్దేవారికీ అర్థమవుతుంది. ఏడోరోజు హాల్‌టికెట్టు సర్దుకుని త్వరగా నిద్రపోవాలి!