సండే రోస్ట్ మనకెందుకు అనకండి

"అమ్మా, మనింట్లో సండే రోస్ట్ ఎందుకు చెయ్యవు?" అని పిల్లలు అడిగితే "అది వాళ్ల తిండి, పైగా ఖర్చు" అనేస్తున్నారా? నేనూ అలాగే అనేదాన్ని. కిలో లెక్కన చూడండి, బ్రెస్ట్ ముక్కల కన్నా హోల్ చికెనే చవక. ఉప్పు, మిరియాలు, కాస్త వెన్న పట్టించి ఓవెన్‌లో 190 డిగ్రీల దగ్గర కిలోకి 45 నిమిషాలు, పైన ఇంకో 20 ఉంచండి. తొడ దగ్గర గుచ్చితే రసం తేటగా రావాలి. బంగాళాదుంపలు, క్యారెట్లు కూడా అందులోనే పెట్టేస్తే కరెంటు కలిసొస్తుంది. మిగిలిన మాంసం సోమవారం పలావుకి, ఎముకలు మిరియాల చారుకి.

మన పప్పన్నం తక్కువని కాదండీ. పిల్లలు పుట్టి పెరుగుతున్న ఊరి తిండి కూడా వాళ్లదే. అది "వాళ్ల"దని మనమే దూరం చెయ్యొద్దు.