పక్క రాష్ట్రం బండికి మళ్లీ పన్నెందుకు?

వానాకాలం వడ్లు కాంటా అయ్యి, పత్తి పైసలు చేతికొచ్చే రోజులంటే మన ధర్మసాగర్ మండలంలో బండ్లు కొనే రోజులే. అప్పులు, మిత్తీలు, పిల్లల ఫీజులు పోను ఏమన్నా మిగిలిన ఇంట్లో ముందు వచ్చే మాట పాత కారో, జీపో, సెకండ్ హ్యాండ్ ట్రాక్టరో. ఇది షోకు కోసం కాదు. మిర్చి బస్తాలు ఎనుమాములకు పోవాలన్నా, రాత్రిపూట ఇంట్లో మనిషిని ఎంజీఎంకు తీసుకుపోవాలన్నా బండి అవసరమే.

కొన్నేళ్లుగా ఈ అవసరం చుట్టూ ఒక వ్యాపారం పెరిగింది. "మహారాష్ట్రలో లక్ష తక్కువకు వస్తుంది, ఢిల్లీ బండి సగం ధరకే ఇప్పిస్తా, కాగితాలు మేమే చూసుకుంటాం" అంటూ బ్రోకర్లు ఫోన్లకు వీడియోలు పంపుతున్నారు. బండి చవకగా వచ్చే మాట చాలాసార్లు నిజమే. అయితే బండి ఊరికి చేరాక అసలు లెక్క మొదలవుతుంది. ఆ లెక్కలో మన రైతుకు జరుగుతున్న అన్యాయం గురించి సంఘం మాట్లాడాల్సిన సమయం వచ్చింది.

కొత్త బండికి పన్ను ఎక్కడైనా ఒకటే

ముందుగా ఒక అపోహ పోవాలి. కొత్త బండిని బయటి రాష్ట్రంలో కొంటే అమ్మకపు పన్ను మిగులుతుందన్న మాట పాతకాలం నాటిది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రేటు దేశమంతా ఒకటే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యవసాయ ట్రాక్టరు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, చిన్న కార్ల మీద 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు నాందేడ్‌లో ఎంతో హన్మకొండలోనూ అంతే. పన్ను కలపక ముందు 8 లక్షలున్న ట్రాక్టరుకు ఎక్కడ కొన్నా పన్ను 40 వేలే. ఎవరైనా డీలరు ధర తగ్గిస్తే అది అతని లాభంలోంచి ఇచ్చిన రాయితీ, పన్నులో తేడా కాదు.

పాత కార్ల విషయంలోనూ మోసపోవద్దు. సొంతంగా వాడుకున్న మనిషి నేరుగా మనకు అమ్మితే దాని మీద జీఎస్టీ లేదు. రిజిస్టరైన డీలరు దగ్గర కొంటే, మామూలుగా అతను 18 శాతం కట్టాల్సింది తన మిగులు మీదనే, మొత్తం ధర మీద కాదు. డీలరు 4 లక్షలకు కొని 4 లక్షల 60 వేలకు అమ్మితే పన్ను పడేది 60 వేల మీద. అది 10,800 రూపాయలు. దాన్ని పక్కనపెట్టి 4 లక్షల 60 వేల మీద 18 శాతం, అంటే 82,800 కట్టమంటే ఆ లెక్క తప్పు. బిల్లు ఇవ్వమని అడగండి. బిల్లు ఇవ్వనంటే ఆ పైసలు సర్కారుకు పోతున్నాయన్న నమ్మకం లేదు.

దెబ్బ తగిలేది లైఫ్ ట్యాక్స్ దగ్గర

జీఎస్టీ దేశమంతా ఒకటైంది కానీ బండ్ల పన్ను కాలేదు. అది రాష్ట్రాల చేతిలో ఉంది. మన రాష్ట్రంలో 2022 మేలో 5 లక్షల లోపు కారుకు 13 శాతం, 5 నుంచి 10 లక్షల దానికి 14 శాతం, 10 నుంచి 20 లక్షల దానికి 17 శాతం లైఫ్ ట్యాక్స్ పెట్టారు. పేరులోనే ఉంది, జీవితకాలపు పన్ను అని. ఒకసారి కడితే బండి బతికున్నంత కాలం సరిపోవాలి.

కానీ ఆ బండి రాష్ట్రం సరిహద్దు దాటి కొత్త నంబరు తీసుకునేటప్పుడు ఆ "జీవితం" మళ్లీ మొదలవుతుంది. మహారాష్ట్రలోనో కర్ణాటకలోనో మొదటి యజమాని పన్ను మొత్తం కట్టినా, ఇక్కడ మన రైతు మళ్లీ కట్టాలి. బండి వయసు పెరిగితే శాతం తగ్గుతుంది, నిజమే. అయితే ఆ శాతాన్ని లెక్కించేది మనం పెట్టిన ధర మీద కాదు, బండి కొత్తగా కొన్ననాటి షోరూం ధర మీద. 12 లక్షల కారును మనం 4 లక్షలకు కొన్నామనుకుందాం. మన ధర మీదైతే ఒక్కో శాతానికి 4 వేలు పడాలి. షోరూం ధర మీద కాబట్టి 12 వేలు పడుతుంది. మూడింతల తేడా. చవకగా వచ్చిందని సంబరపడ్డ లక్ష రూపాయలు ఆర్టీవో ఆఫీసు కౌంటరు దగ్గరే కరిగిపోవడానికి కారణం ఇదే.

మరి అక్కడ కట్టిన పన్ను? మిగిలిన కాలానికి వాపసు ఇచ్చే ఏర్పాటు చాలా రాష్ట్రాల చట్టాల్లో ఉంది. కానీ దాన్ని అడగాల్సింది అక్కడి ఆఫీసులో, పాత యజమాని పేరు మీద, ఇక్కడ కొత్త రిజిస్ట్రేషన్ అయిందని రుజువు చూపించి. బండి అమ్ముకున్న మనిషి మన కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతాడా? తిరిగినా వచ్చిన పైసలు మనకు పంపుతాడా? ముప్పారం రైతు నాట్లు విడిచిపెట్టి పుణెకు పోయి పైరవీ చేసుకోగలడా? హక్కు కాగితం మీదుంది, దాన్ని అందుకునే దారి మాత్రం లేదు.

ఇది తప్పనిసరి పద్ధతి అని అధికారులు అంటారు. మేము ఒప్పుకోం. ఉమ్మడి రాష్ట్రంలో 1996లో మోటారు వాహనాల ప్రవేశ పన్ను చట్టం తెచ్చారు. బయటి నుంచి కొత్త బండి తెచ్చుకుంటే పన్ను కట్టాలన్నదే ఆ చట్టం. కానీ ఆ చట్టమే, అక్కడ కట్టిన అమ్మకపు పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోనిచ్చింది. తేడా మాత్రమే కట్టించుకుంది. ముప్పై ఏళ్ల కింద కాగితాల కాలంలో సాధ్యమైన న్యాయం, అన్నీ కంప్యూటర్లలో ఉన్న ఈ రోజుల్లో లైఫ్ ట్యాక్స్‌కు ఎందుకు సాధ్యం కాదు?

ఎవరికి వెసులుబాటు, ఎవరికి భారం

2021లో కేంద్రం బీహెచ్ నంబరు సిరీస్ తెచ్చింది. సైనికులు, ప్రభుత్వ ఉద్యోగులు, నాలుగు రాష్ట్రాలకు మించకుండా కాదు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులు ఈ నంబరు తీసుకోవచ్చు. వాళ్లు రెండేళ్లకోసారి పన్ను కట్టుకుంటారు. రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేదు, పన్ను రెండుసార్లు కట్టక్కర్లేదు. బదిలీల మీద తిరిగే ఉద్యోగికి ఆ సౌకర్యం న్యాయమైనదే, దాన్ని మేము తప్పుబట్టడం లేదు. అదే న్యాయం జీవితంలో ఒక్కసారి పాత బండి కొనుక్కునే రైతుకు ఎందుకు వర్తించదన్నదే మా ప్రశ్న.

ఇంకోవైపు చూడండి. హైదరాబాద్ నుంచి బెంగళూరు రోడ్డు మీద నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్, డామన్ నంబర్లతో స్లీపర్ బస్సులు తిరుగుతుంటాయి. పన్ను తక్కువున్న చోట రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఆలిండియా టూరిస్టు పర్మిట్ మీద ఇక్కడ వ్యాపారం చేస్తారు. యానాంలో చిరునామా చూపించి కార్లకు పుదుచ్చేరి నంబరు వేయించుకున్నవాళ్ల కథలు తెలుగువాళ్లందరికీ తెలుసు. లాయర్లు, ఆడిటర్లు ఉన్నవాడు దారి వెతుక్కుంటాడు. ఉన్న ఊర్లో ఉన్న పేరు మీద నిజాయితీగా రిజిస్ట్రేషన్‌కు పోయిన రైతు మాత్రం రెండోసారి కడతాడు.

రోడ్లు వేయాలంటే రాష్ట్రానికి ఆదాయం కావాలన్న వాదనను మేము కాదనడం లేదు. బండి ఇక్కడి రోడ్డు మీద తిరిగినంత కాలానికి పన్ను ఇక్కడికే రావాలి. కానీ తిరగని కాలానికి అక్కడి రాష్ట్రం తీసుకున్న పైసలు అక్కడే ఉండిపోతే, ఆ నష్టం రైతు మోయాలా? ఆ లెక్క రెండు ప్రభుత్వాలు తేల్చుకోవాలి. జీఎస్టీలో రాష్ట్రాల మధ్య సర్దుబాటు జరుగుతూనే ఉంది కదా.

కేంద్రం కూడా తప్పించుకోలేదు. బండ్ల పన్ను రాష్ట్ర జాబితాలోదే అయినా, ఆ పన్ను ఏ సూత్రాల మీద వేయాలన్నది ఉమ్మడి జాబితాలోని 35వ అంశంలో ఉంది. పార్లమెంటు తలచుకుంటే చట్టం చేయొచ్చు. 2018లో రాష్ట్రాల రవాణా మంత్రుల బృందం దేశమంతా ఒకే పద్ధతిలో 8, 10, 12 శాతం పన్ను పెట్టాలని సిఫారసు చేసింది. బీహెచ్ సిరీస్‌కు ఆ రేట్లే వాడుకున్నారు. మిగతా జనాన్ని మాత్రం మరిచారు.

బయానా ఇచ్చే ముందు

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. సభ్యులు ఈ సంగతులు గుర్తుపెట్టుకోవాలి.

బండి ఉన్న చోటి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ లేకుండా మొత్తం పైసలు ఇవ్వొద్దు. దాన్ని తెచ్చే బాధ్యత అమ్మేవాడిదని ఒప్పందంలో రాయించుకోండి. మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు ఇచ్చిన 30 రోజుల్లో ఆ ఆఫీసు ఏదో ఒకటి రాతపూర్వకంగా చెప్పాలి. తిరస్కరిస్తే కారణం రాయాలి. ఏమీ చెప్పకపోతే ఎన్‌వోసీ ఇచ్చినట్టే లెక్క. అందుకే దరఖాస్తు రసీదు భద్రంగా దాచుకోవాలి.

బండి మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంకు లేదా కంపెనీ ఇచ్చే క్లియరెన్స్ లెటరు, ఫారం 35 ఉండాలి. చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోల్చుకోవాలి. మిగతా రాష్ట్రాల బండ్ల వివరాలు వాహన్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. మన తెలంగాణ చాలా ఏళ్లు దానికి బయట సొంత వ్యవస్థతోనే నడిచింది. రెండు ఆఫీసుల మధ్య రైతు కాగితాలు మోయాల్సి రావడానికి అదీ ఒక కారణం.

పన్నెండు నెలల దాకా నంబరు మార్చక్కర్లేదని బ్రోకర్లు చెప్పే మాట నమ్మొద్దు. ఆ గడువు తన బండిని వేరే రాష్ట్రంలో ఉంచుకునే యజమానికి. బండి కొన్నవాడు మాత్రం 30 రోజుల్లోనే పేరు మార్పిడికి తెలియజేయాలి.

పాత డీజిల్ బండ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఎన్‌జీటీ 2015లో ఆంక్ష పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ దెబ్బకు అక్కడ ధరలు పడిపోయాయి. కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. పదేళ్ల బండి కొంటే మన చేతికి వచ్చేది ఐదేళ్ల కాగితం. తర్వాత రెన్యువల్ ఫీజు, ఫిట్‌నెస్ ఖర్చు మన మీదే పడతాయి.

ట్రాక్టరు కొనేవాళ్లకు ఒక మాట. నిబంధనల ప్రకారం వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనం కాదు, కాబట్టి కారులాగా పన్ను భారం ఉండదు. కానీ ఎన్‌వోసీ, పేరు మార్పిడి, ఇన్సూరెన్సు తప్పవు. పేరు మారని ట్రాక్టరుతో ప్రమాదం జరిగితే అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ కోర్టుకెక్కాల్సిందే. అమ్ముకున్నా ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని అని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మన దగ్గర పాత బండి అమ్మేవాళ్లు కూడా ఇది గమనించాలి.

మన డిమాండ్లు

ఒకటి, బయటి రాష్ట్రం పాత బండికి లైఫ్ ట్యాక్స్‌ను షోరూం ధర మీద కాకుండా ప్రస్తుత విలువ మీద వేయాలి. రెండు, మొదటి రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలపు వాటాను ఇక్కడి పన్నులోంచి తగ్గించాలి. ఆ పైసలు ప్రభుత్వాలే పరస్పరం సర్దుకోవాలి. మూడు, చిన్న, సన్నకారు రైతులకు బీహెచ్ పద్ధతిలోనే రెండేళ్లకోసారి కట్టే వీలు కల్పించాలి. నాలుగు, ఏ వయసు బండికి ఎంత పన్ను, ఎంత ఫీజు అన్న పట్టికను హన్మకొండ ఆర్టీవో ఆఫీసులో తెలుగులో, అందరికీ కనిపించేలా పెట్టాలి. ఆ పట్టిక లేకపోవడమే దళారికి పెట్టుబడి.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ప్రభుత్వం రైతుల ట్రాక్టర్లకు రవాణా పన్ను మాఫీ చేసింది. తలచుకుంటే చేయగలరని అది చూపించింది. ఇప్పుడు మనం మాఫీ అడగడం లేదు, ఒకసారి కట్టిన పన్నును మళ్లీ కట్టించుకోవద్దని మాత్రమే అడుగుతున్నాం.

ఇలా రెండుసార్లు పన్ను కట్టిన సభ్యులు ఆ రసీదుల నకళ్లు తమ గ్రామ కమిటీకి ఇవ్వాలి. ఎల్కుర్తి నుంచి పెద్దపెండ్యాల దాకా ప్రతి ఊరి నుంచి అవి చేరాలి. రసీదులు ముందు పెట్టి మాట్లాడితే అధికారులు విషయాన్ని దాటవేయలేరు.