ముసుగులో ఉంటేనే ముద్దా?

హాలీవుడ్‌ యానిమేషన్‌ సినిమా లైట్‌ఇయర్‌ (2022)లో పెళ్లి చేసుకున్న ఇద్దరు ఆడవాళ్ల మధ్య రెప్పపాటు ముద్దు కనిపిస్తే, యూఏఈ లాంటి దేశాలు సినిమానే ఆపేశాయి. పిల్లల బొమ్మల సినిమాల్లోకి అజెండా దూర్చారంటూ అమెరికాలోనూ కొందరు గగ్గోలు పెట్టారు. అలా గొంతు చించుకునేవాళ్లలోనే కొందరు జపాన్‌ యానిమేను చూసి నేర్చుకోమంటారు, అక్కడ అంతా సహజంగా ఉంటుందట! ఆ సహజత్వం సంగతి చూద్దాం. యూరీ ఆన్‌ ఐస్‌ (2016) అనే యానిమేలో విక్టర్‌ ఒక్క ఉదుటున తోటి మగవాడైన యూరీ మీదికి దూకుతాడు. సరిగ్గా పెదవులు కలిసే చోట అతని చెయ్యి అడ్డొస్తుంది. ముద్దనుకుంటే ముద్దు, కాదనుకుంటే కౌగిలింత. గండమ్‌: ది విచ్‌ ఫ్రమ్‌ మెర్క్యురీ అనే మరో యానిమే 2023లో సులెట్టా, మియోరినే అనే ఇద్దరమ్మాయిల వేళ్లకు ఉంగరాలు చూపించి ముగిసింది. తర్వాత ఒక పత్రికలో వాళ్లకు పెళ్లయినట్టు అచ్చయితే, డిజిటల్‌ ప్రతిలో ఆ మాట ఎగిరిపోయింది. అర్థం చేసుకోవడం ప్రేక్షకుల ఇష్టమని నిర్మాతలు చేతులు దులుపుకున్నారు. ఈ దాపరికం జపాన్‌ సొత్తేమీ కాదు. ఒక జపాన్‌ యానిమేలో ప్రేమికులైన ఇద్దరమ్మాయిలు సెయిలర్‌ యురేనస్‌, సెయిలర్‌ నెప్ట్యూన్‌లను ఉత్తర అమెరికా ఇంగ్లిష్‌ డబ్బింగులో కజిన్లుగా మార్చేశారు. కాబట్టి యానిమే మీద కురిసే ఈ పొగడ్తల్లో చాలావరకు దక్కుతున్నది జపాన్‌ కళకు కాదు, చూసీ చూడనట్టు ఊరుకునే సౌకర్యానికి. కథ పేలవంగా ఉంటే హాలీవుడ్‌నైనా నిలదీయాల్సిందే. కానీ పాత్ర తన ప్రేమను పైకి చెప్పుకోవడమే నేరమంటే, ఆ గొడవకు కథతో సంబంధం లేదు.