మోటారు కాదు, ముందు బ్లేడు మార్చండి

పోస్టు కాస్త పెద్దదే. షెడ్డులో బ్యాండ్‌సా రంపం ఉన్నవాళ్ళు, సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొందామని చూస్తున్నవాళ్ళు ఓపిగ్గా చివరిదాకా చదవండి.

గొడ్డలి కామ, పార కామ, పాకకి గుంజలు, దొడ్డి తలుపు... ప్రతిదానికీ వడ్రంగి కోసం ఎదురుచూడక్కర్లేకుండా చిన్న బ్యాండ్‌సా ఇంట్లో ఉంటే హాయే. కానీ అది సరిగ్గా తెగట్లేదు అనగానే చూసినవాళ్ళందరూ చెప్పే సలహా ఒక్కటే: "మోటారు చాలట్లేదు, పెద్దది వేయించు." నేను దీనికి ఒప్పుకోను. డబ్బు పెట్టాల్సిన వరస వేరు. ముందు బ్లేడు, తర్వాత స్టార్టరు, ఆ తర్వాత చక్రాల మీది రబ్బరు, గైడు బేరింగులు. మోటారు అన్నిటికన్నా చివర.

కోత ఆగిపోతుందంటే పదికి తొమ్మిదిసార్లు తప్పు బ్లేడుదే అనేది నా నమ్మకం. చెక్క మీద నల్లగా కాలిన మరకలు, పొగ వాసన వస్తే పళ్ళు మొద్దుబారాయనో, బంక పట్టిందనో అర్థం. గీసిన గీత మీద పోకుండా ఒకవైపుకే లాగుతుంటే అటువైపు పళ్ళు పదునుగా ఉండి ఇటువైపు అరిగాయి, లేదా బ్లేడు బిగువు చాలట్లేదు. దీనికి ఎంత పెద్ద మోటారు వేసినా అదే వంకర కోత ఇంకా వేగంగా వస్తుంది, అంతే.

బ్లేడు కొనేటప్పుడు అంగుళానికి ఎన్ని పళ్ళో అడగండి. ఆరంగుళాల వేప మొద్దు నిలువునా చీల్చాలంటే అంగుళానికి మూడు పళ్ళది కావాలి. పళ్ళ మధ్య సందు పెద్దగా ఉంటేనే పొట్టు బయటికి వస్తుంది. అరంగుళం పలకకి అదే వాడితే చెక్క చిట్లుతుంది, దానికి పది పళ్ళది మేలు. ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు చెక్కలో ఉండాలి, ఇది గుర్తుంచుకుంటే చాలు. కొబ్బరి, తాటి కోసేవాళ్ళకి బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది, దానికి పాత బ్లేడు విడిగా ఉంచుకోండి.

ఇక మోటారు సంగతి. మూలన పడున్న పాత పంపు మోటారు తెచ్చి రంపానికి తగిలించే అలవాటు ఒకటి ఉంది మనకి. ఇది ప్రమాదం. లెక్క చూడండి. 14 అంగుళాల చక్రాలున్న రంపానికి 1440 చుట్ల మోటారు ఉండి, పుల్లీల వల్ల చక్రం అందులో సగం, అంటే 720 తిరుగుతోందనుకుందాం. బ్లేడు నిమిషానికి దాదాపు 2,640 అడుగులు పరిగెత్తుతుంది. పంపు మోటార్లు చాలావరకు 2880 చుట్లవి. అదే పుల్లీ మీద అది పెడితే బ్లేడు వేగం రెట్టింపు. ఆ చక్రాలు, ఆ రబ్బరు అంత వేగానికి చేసినవి కావు. రబ్బరు ఊడి కొట్టినా, బ్లేడు తెగి ఎగిరినా ఎదురుగా ఉండేది మన మొహమే. నిజంగానే మోటారు కాలిపోయి మార్చాల్సి వస్తే హెచ్‌పీ ఒక్కటే కాదు, నేమ్‌ప్లేటు మీద చుట్లు కూడా పాతదానితో సరిపోల్చండి. బిగించాక బల్ల దగ్గర బ్లేడు కిందికే దిగుతోందా, పళ్ళు కిందికే చూస్తున్నాయా చూసుకోండి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది స్టార్టరు. పొలంలో బోరుకి ఆటో స్టార్టరు మనకి వరం. కరెంటు పోయి వస్తే తనంతట తనే ఆన్ అవుతుంది, అర్ధరాత్రి లేవక్కర్లేదు. అదే రంపానికి పెడితే యముణ్ణి ఇంటికి పిలిచినట్టే. మామూలు స్విచ్చు కూడా అంతే. కరెంటు పోయింది, స్విచ్చు ఆపడం మర్చిపోయాం, ఇరుక్కున్న చెక్క ముక్క తీద్దామని చెయ్యి పెట్టాం, అప్పుడే కరెంటు వచ్చింది. ఆ తర్వాత చెప్పక్కర్లేదు. పచ్చ బటన్ మళ్ళీ నొక్కితేగానీ తిరగని స్టార్టరు ఒక్కటే రంపానికి పనికొస్తుంది. బ్లేడు దగ్గర చెయ్యి పెట్టాలంటే ప్లగ్గు పీకాల్సిందే.

మెయింటెనెన్సు పెద్ద విద్యేం కాదు. పై గైడుని చెక్కకి అర అంగుళం ఎత్తులోకి దించి కోయండి, కోత నిటారుగా వస్తుంది, వేళ్ళకీ రక్షణ. పక్క గైడులు, వెనక బేరింగు బ్లేడుకి కాగితం మందం దూరంలో ఉండాలి. గట్టిగా ఆనించి పెడితే బ్లేడు వేడెక్కి తెగుతుంది. పొట్టు రబ్బరు మీద గట్టిపడితే బ్లేడు ఎగిరెగిరి పడుతుంది, బ్రష్షుతో దులపండి. 93 అంగుళాల బ్లేడు పైన చెప్పిన వేగంలో గంటకి దాదాపు 40 వేల సార్లు చక్రాల మీద వంగుతుంది. అందుకే బిగువు సరిగ్గా లేకపోతే అతుకు దగ్గర పగులు వస్తుంది. మనం రంపం వాడేది పంట పనులు లేనప్పుడే. మిగతా నెలలు బిగువు వదిలేసి, బ్లేడుకి కాస్త నూనె రాసి ఉంచండి.

ఇంకో మాట. మన చెట్లలో ఇనుముంటుంది. గట్టు మీది చెట్టు ముళ్ళతీగని మింగేసి ఉంటుంది, రోడ్డు పక్క వేపకి బోర్డుల మేకులుంటాయి. కోసేముందు అయస్కాంతం తిప్పి చూడండి. ఒక్క మేకు కొత్త బ్లేడుని పాడుచేస్తుంది.

మెడలో తువ్వాలు, వేలాడే పంచె, చేతికి గ్లౌజులు ఇవేవీ రంపం దగ్గర వద్దు. గ్లౌజులు రక్షణ అనుకుంటారు, పళ్ళకి దారం తగిలితే చేతిని లోపలికి లాగేది అవే. చివరి ముక్కని కర్రతో నెట్టండి, వేలితో కాదు. ముక్కుకి మాస్కు మాత్రం తప్పకుండా కట్టుకోండి.

బోరు సర్వీసు మీద రంపం నడపకండి, అది వ్యవసాయానికిచ్చిన కరెంటు, పట్టుబడితే కేసు. ఊరందరికీ మొద్దులు కోసిపెట్టి డబ్బు తీసుకోవాలనుకుంటే అది కోత మిల్లు కింద లెక్క, ముందు అటవీశాఖని అడగాలి.

"ఇన్నేళ్ళుగా వాడుతున్నాం, మాకేం కాలేదు" అంటారు కొందరు. కాకపోవడం అదృష్టం, అది పద్ధతి కాదు. పెద్ద మోటారుకి పెట్టే డబ్బులో కొంత పెట్టి మంచి బ్లేడు రెండు, స్టార్టరు ఒకటి కొనండి. అప్పటికీ కోత రాకపోతే మోటారు గురించి మాట్లాడుకుందాం. మీ రంపానికి ఏ స్టార్టరు ఉందో ఈ రోజే ఒకసారి షెడ్డుకెళ్ళి చూసి కింద రాయండి.